గాజు కంట్లో కదిలిన చుక్కలు

నాలుగూ యాభై రెండుకి కంటి ఆసుపత్రి మూడో అంతస్తుకి చేరింది గడియారమ్మ. మెట్లు ఎక్కింది అనడం కంటే మెట్ల మీద పరుగెత్తింది అనాలి. వెనకాల గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కుతోంది, ఇక్కడి స్కాన్ టెక్నీషియన్ వాళ్ల అక్క.

గడియారమ్మకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుంది గానీ పోలీసు శాఖలో అది ఎవరికీ గుర్తు లేదు. ప్రైవేటు డిటెక్టివ్‌గా పద్దెనిమిదేళ్ల నుంచి ఎవరిని పలకరించినా ఆమె మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకి?" కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఇవాళ మాత్రం ఆ గడియారమే ఆమె నెత్తెక్కి కూర్చుంది. సరిగ్గా ఆరింటికి ఆ అక్క తమ్ముణ్ణి, టెక్నీషియన్‌ని, మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. ఒకసారి జైలు గేటు లోపలికి వెళ్లాక మనిషిని వెనక్కి తేవడానికి నెలలు పడుతుందని ఆమెకి అనుభవం.

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. నిన్న సాయంత్రం ఆరూ ఇరవైకి, ఈ అంతస్తులోని స్కాన్ గదిలో పరిశోధన చేసే లేడీ డాక్టరు నేల మీద పడి కనిపించింది. తల ఇనుప బల్ల మూలకి కొట్టుకుంది. కుడి మణికట్టు మీద ఎవరో గట్టిగా పట్టుకున్న వేళ్ల గుర్తులున్నాయి. కిందికి దించేలోపే ప్రాణం పోయింది. ఆసుపత్రిలో అందరూ ఆవిడని చుక్కల డాక్టరు అనేవాళ్లు. కన్ను లోపల వాపొస్తే అక్కడి నీటిలో కణాలు తేలతాయి, స్కాన్ బొమ్మలో అవి తెల్ల చుక్కల్లా కనపడతాయి. వాటిని లెక్కపెట్టడమే ఆవిడ పని.

అదే గదిలోని మిషన్ మీద ఐదూ నలభై ఏడుకి ఒక స్కాన్ తీసినట్టు నమోదైంది, అదీ టెక్నీషియన్ పేరు మీద. ముందురోజే అతనికీ ఆవిడకీ మాటామాటా పెరిగింది, నలుగురూ విన్నారు. ఇన్‌స్పెక్టరుకి ఇంతకంటే ఏం కావాలి?

"వాడు ఐదున్నరకల్లా ఇంట్లో ఉన్నాడమ్మా. నా కళ్ల ముందే ఉన్నాడు," అని పొద్దున పదకొండింటికి వచ్చినప్పటినుంచి అక్క అదే మాట. అమ్మ పోయాక తమ్ముణ్ణి తనే పెంచిందట. ఆ మాటకి ఇంకో సాక్ష్యం దొరుకుతుందేమోనని గడియారమ్మ వాళ్ల వీధిలో గడపలన్నీ ఎక్కి దిగింది. పక్కింటివాళ్లు చూడలేదన్నారు. ఎదురింటాయన చూశానో లేదో గుర్తు లేదన్నాడు. లాకప్‌లో టెక్నీషియన్ దగ్గరికెళ్తే తల వంచుకుని, "మా అక్కని ఇందులోకి లాగకండి మేడమ్," అన్నాడు తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. మూడున్నరకి "ఇక ఆ గది చూడాల్సిందే" అని ఆమె లేచింది. అక్క "ఒక్క మందుల షాపాయన్ని కూడా అడుగుదామమ్మా" అని ఇంకో గంట తినేసింది.

వరండాలో బెంచీ ఉంది. అక్క దాని మీద ట్యూబ్‌లైటుకి వీపు పెట్టి కూర్చుని, చేతిరుమాలుతో కుడి కన్ను అద్దుకుంది.

"మీరు ఇక్కడే ఉండండి. పిలుస్తాను," అంది గడియారమ్మ. పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉంది పాపం అనుకుంది.

స్కాన్ గది తలుపు మీద లక్క సీలు ఉంది. సీలు ముందు ఇన్‌స్పెక్టరు ఉన్నాడు.

"రా మరదలా, రా! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా," అన్నాడు కానిస్టేబుళ్లకి వినపడేలా.

అతను ఆమెకి వరసకి బావ. ఒకప్పుడు పెద్దవాళ్లు వీళ్లిద్దరికీ ముడిపెడదామనుకున్నారు. ఇద్దరూ కలిసి ఏకాభిప్రాయానికి వచ్చింది జీవితంలో ఒక్కసారే, ఆ పెళ్లి వద్దనడానికి.

"సీలు తియ్యండి బావగారూ," అంది. కోపమొస్తే ఆమె బావకి గౌరవం పెంచుతుంది.

"ఎందుకు?"

"ఐదూ నలభై ఏడు స్కాన్ చూడాలి."

"నేను చూశాగా. అది గాజు కన్ను." ఇన్‌స్పెక్టరు వేళ్లు మడిచాడు. "రోజూ సాయంత్రం మిషన్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూడ్డానికి ఒక బొమ్మ కన్ను పెట్టి స్కాన్ తీస్తారు. పేరుకే గాజు, ప్లాస్టిక్‌ది. నిన్న ఐదూ పదిహేనుకి ఒకసారి తీశాడు. ఐదూ నలభై ఏడుకి మళ్లీ తీశాడు. రెండింటి మీదా గాజు కన్ను అనే ఉంది. మనిషిని పడదోసి, ఏమీ ఎరగనట్టు టెస్టు చేసుకుంటున్నట్టు నటించాడన్నమాట."

"కంగారులో ఉన్నవాడు తలుపు తీసుకుని పారిపోతాడు గానీ, కూర్చుని గాజు కంటికి పరీక్ష చేస్తాడా?"

"నీకు తెలీదు. కంగారులో మనుషులు నానా పనులూ చేస్తారు."

"తెలుసు. పొద్దున్నే ఒకణ్ణి పట్టుకుని, మధ్యాహ్నానికి కేసు మూసేసి, ఆరింటికి జైలుకి పంపేస్తారు. కంగారు పనే."

కానిస్టేబుల్ ఒకడు దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "పది నిమిషాలు," అన్నాడు.

"గంట."

"మరదలివి కాబట్టి అరగంట. పెద్ద డాక్టరుగారు పక్కన ఉండాలి. మిషన్ ఆయనది. నువ్వేదైనా చెడగొడితే నా ఉద్యోగానికొస్తుంది."

పెద్ద డాక్టరు వచ్చేసరికి ఐదూ ఎనిమిది. అరవై ఏళ్ల మనిషి, చొక్కా మీద ముడత లేదు, మొహంలో సహనం లేదు. ఈ పరిశోధన విభాగానికి అధిపతి. స్కాన్ బొమ్మల్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు కనిపెట్టింది ఆయనే.

"నిన్న మీరు ఈ గదిలోంచి ఎన్ని గంటలకి వెళ్లారు?"

"నాలుగున్నర. ఐదు నుంచి ఏడు దాకా కింద ఆపరేషన్ థియేటర్లో ఉన్నాను. పదకొండు మంది చూశారు. ఇంకా?"

"చుక్కల డాక్టరు మీ సాఫ్ట్‌వేరు ఆపించమని ఆసుపత్రి పరిశోధనల కమిటీకి రాయబోతోందట కదా?"

పెద్ద డాక్టరు కాస్త నీళ్లు నమిలాడు. "అమ్మాయి తెలివైనదే. మొండిది. అంతే."

"అసలు మీ సాఫ్ట్‌వేరు ఏం చేస్తుందండీ? నాకర్థమయ్యేట్టు చెప్పండి."

తన బిడ్డ గురించి అడిగినట్టు ఆయన గొంతు మెత్తబడింది. "కంట్లోకి కాంతి పంపిస్తే అది తిరిగొస్తుంది. దాంతో కన్నుని నిలువునా కోసి చూసినట్టు బొమ్మ వస్తుంది. కానీ బొమ్మ నిండా ఇసక. పాత టీవీలో స్టేషన్ రానప్పుడు కనపడేది చూడండి, అలాంటిది. దాన్నే నాయిస్ అంటాం. అందుకని ఒకే చోట వరసగా ఎనిమిది బొమ్మలు తీసి ఒకదాని మీద ఒకటి కలిపేస్తాం. నిజంగా ఉన్న వస్తువు ఎనిమిదింట్లోనూ అదే చోట ఉంటుంది. ఇసక మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. కలిపితే ఇసక పోతుంది, కన్ను మిగులుతుంది. అద్దంలా ఉంటుంది బొమ్మ."

"నిజంగా ఉన్న వస్తువే కదిలితే?"

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"చుక్కల డాక్టరు కూడా ఇదే అడిగిందా?"

"అడిగింది," అన్నాడు చివరికి. "వాపు కణాలు నీటిలో తేలతాయి కాబట్టి కదులుతాయనీ, వాటిని కూడా నా సాఫ్ట్‌వేరు ఇసక కింద ఊడ్చేస్తోందనీ అంది. రుజువు చూపించమన్నాను. వారం రోజుల్లో చూపిస్తానంది."

"ఎప్పుడన్నారు?"

"వారం క్రితం."

గడియారమ్మకి కుర్చీలో నిలకడ లేదు. లేచి మిషన్ చుట్టూ తిరిగింది. గడ్డం ఆనించే ఆధారం, నుదురు ఆనించే పట్టీ, వాటి ముందు లెన్సు. ఆపరేటరు కూర్చునే స్టూలు అవతలి పక్కన. ఆ స్టూలు వెనకే ఇనుప బల్ల. బల్ల మూల చుట్టూ పోలీసులు సుద్దతో గీత గీశారు. "కలపక ముందు తీసిన ఆ ఎనిమిది బొమ్మలూ విడిగా ఉంటాయా?"

"ఇరవై నాలుగు గంటలుంటాయి. చోటు చాలదు. తర్వాత మిషనే చెరిపేస్తుంది."

ఆమె గడియారం చూసుకుంది. ఐదూ పదహారు. "అంటే ఇంకో ముప్పై ఒక్క నిమిషాల్లో నిన్నటి బొమ్మలు ఉండవు. తెరవండి."

"విడి బొమ్మలు తెరవాలంటే కమిటీ అనుమతి కావాలి. రేపు పొద్దున అడుగుతాను."

"రేపు పొద్దున ఏం తెరుస్తారు? ఖాళీ డబ్బా?" ఆమె గొంతు లేచింది. "ఒక మనిషి చచ్చిపోయింది. ఇంకో మనిషి జైలుకి పోతున్నాడు. మీ సాఫ్ట్‌వేరులో తప్పు లేకపోతే భయమెందుకండీ?"

"నాకు భయమా?"

"లేదా? అయితే తెరవండి."

ఆయన ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు పైకప్పు వైపు చూశాడు. మరదలితో వాదించడం కంటే పైకప్పు చూడ్డం సుఖమని అతనికి చిన్నప్పుడే తెలుసు. పెద్ద డాక్టరు పళ్లు బిగించి పాస్‌వర్డ్ కొట్టాడు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి తెరుచుకునేసరికి ఐదూ ఇరవై నాలుగు.

గడియారమ్మ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అడిగి తెప్పించి, తెర మీద టేపుతో అంటించింది. ఎర్ర పెన్ను తీసుకుంది. ఐదూ పదిహేనువి అప్పటికే చెరిగిపోయాయి కాబట్టి, ముందు మిషన్లో నమూనాగా ఎప్పుడూ దాచి ఉంచే గాజు కంటి ఎనిమిది బొమ్మలు తెరిపించింది. ఒక్కో బొమ్మలో కనపడ్డ తెల్ల చుక్క మీద బొమ్మ నంబరు వేస్తూ పోయింది. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, మూడు ఎక్కడో. చుక్కలు ఏ వరసా లేకుండా గెంతాయి. ఎనిమిది పూర్తయ్యేసరికి షీటు పిల్లలు గీకిన పలకలా తయారైంది.

"ఇదే ఇసక," అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమె షీటు మార్చింది. ఐదూ నలభై ఏడు. ఇక్కడా ఇసక ఉంది, ఇక్కడా చుక్కలు గెంతుతున్నాయి. కానీ నాలుగో బొమ్మకి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచి చూసింది. కొన్ని చుక్కలు గెంతడం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా వరస కట్టాయి. కంటి ముందుపొర పక్కనున్నవి కొంచెం కొంచెంగా కిందికి దిగుతున్నాయి. లోపల నల్లగుడ్డు పక్కనున్నవి కొంచెం కొంచెంగా పైకెక్కుతున్నాయి. లెక్కపెట్టింది. పదకొండు.

"డాక్టరుగారూ, ఇసకకి దారి తెలుస్తుందా?"

పెద్ద డాక్టరు తెర దగ్గరికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆయన మెడ మీద చెమట పట్టడం గడియారమ్మ చూసింది.

"కన్ను లోపలి భాగం వెచ్చగా ఉంటుంది," అన్నాడు నెమ్మదిగా. "ముందుపొరకి గాలి తగిలి చల్లగా ఉంటుంది. అందుకని లోపలి నీరు వెచ్చని వైపు పైకి లేచి, చల్లని వైపు కిందికి దిగుతుంది. కణాలు నీటితో పాటే పోతాయి."

"గాజు కంటికి వేడెక్కడిది?"

"ఉండదు. ఇది మనిషి కన్ను. బతికున్న మనిషిది. వాపుంది. బాగా ఉంది." ఆయన గబగబా కలిపిన బొమ్మ తెరిచాడు. అద్దంలా శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క లేదు. కింద మిషన్ వేసిన మాట కూడా ఉంది: వాపు లేదు. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ సాఫ్ట్‌వేరుతో మూడొందల పన్నెండు మందిని పరీక్షించాం. అందరికీ బాగుందని రాసిచ్చాం. ఆ అమ్మాయి మొత్తుకుంటే నేను..."

ఐదూ ముప్పై ఏడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికి పైకప్పు వదిలి తెర చూస్తున్నాడు. తెలివితక్కువ వాడు కాదు. "సరే, కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. అది టెక్నీషియనే ఎందుక్కాకూడదు? వాడు కూర్చున్నాడు, చుక్కల డాక్టరు స్కాన్ తీసింది. వాడి కంటికే వాపొచ్చింది."

"కాదు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఇక్కడ చూడండి, నల్లగుడ్డు వెనక సన్నటి గీత. ఇది పుట్టుకతో వచ్చిన లెన్సు కాదు. శుక్లం తీసి పెట్టిన లెన్సు. మా టెక్నీషియన్‌కి ముప్పై నిండలేదు, ఆపరేషన్ ఏదీ కాలేదు."

"మరి బయటి మనిషి స్కాన్ మీద గాజు కన్ను అని ఎందుకు రాసుంది?"

ఆయన తల దించుకున్నాడు. "ఇక్కడ అదొక అలవాటు. స్టాఫు తమ ఇంట్లోవాళ్లని సాయంత్రంపూట తీసుకొచ్చి, చీటీ లేకుండా, వరసలో నిలబడకుండా చూపించేస్తారు. మిషన్ ఏదో ఒక పేరు అడుగుతుంది కాబట్టి గాజు కన్ను అని కొడతారు. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను."

ఇంట్లోవాళ్లు. గడియారమ్మ బొమ్మ మూలకి చూసింది. మిషన్ అక్కడ ఏ కన్నో కూడా రాసింది. కుడి.

ఏడిస్తే రెండు కళ్లూ ఎర్రబడతాయి. పొద్దున పదకొండింటినుంచీ తన పక్కనే తిరుగుతున్న మనిషికి ఎర్రబడింది ఒక్క కుడి కన్నే. ఎండలో ముఖం మీదికి కొంగు లాక్కుని తిరిగింది, వెలుతురుకి వీపు పెట్టి కూర్చుంది, మెట్లు తడుముకుంటూ ఎక్కింది. పద్దెనిమిదేళ్ల అనుభవమున్న డిటెక్టివ్ దాన్ని దుఃఖం అనుకుంది! అక్క తనని గడప గడపకీ తిప్పింది, మందుల షాపాయన దగ్గర గంట కూర్చోబెట్టింది, ఎందుకో ఇప్పుడర్థమైంది. ఈ బొమ్మలు చెరిగిపోయేదాకా తనని గది దగ్గరికి రానివ్వకూడదు. తన మీద తనకి పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే అంతకంటే ఎక్కువగా బాధేసింది.

ఐదూ నలభై ఒకటి. తెర మీద ఒక పెట్టె వెలిగింది. ఈ ఎనిమిది బొమ్మలు కాసేపట్లో తొలగిపోతాయి, దాచాలా?

"మరదలా, ఏంటలా బిగుసుకుపోయావ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎవరి కన్నో తెలిసిందా?"

దాచితే తమ్ముడు బయటికొస్తాడు. దాచకపోతే షీటు మీద ఎర్ర గీతలు తప్ప ఏమీ మిగలవు. అవి తను గీసినవే, కోర్టులో వాటికి చిల్లిగవ్వ విలువ లేదు. ఈ కేసు ఆమె ఒప్పుకున్నది తమ్ముణ్ణి విడిపించడానికే. విడిపించమని అడిగిన మనిషే బెంచీ మీద కూర్చుని ఉంది.

తలుపు కిర్రుమంది. అక్క లోపలికి తొంగి చూస్తోంది, కుడి కన్ను సగం మూసుకుని. "ఏమైనా దొరికిందా అమ్మా? వాడు వచ్చేస్తాడా?"

గడియారమ్మ చెయ్యి మౌస్ మీదే ఉంది. "వచ్చేస్తాడు," అని బటన్ నొక్కింది. తెర మీద పచ్చటి గీత మెల్లగా కదలడం మొదలుపెట్టింది. "మీకు శుక్లం ఆపరేషన్ అయి ఎన్నాళ్లయింది?"

అక్క తెర వైపు చూసింది. ఎర్ర అంకెల వైపు చూసింది. అబద్ధం చెప్పబోయి పెదవులు కదిపింది గానీ, కూడదీసుకోలేకపోయింది.

"ఆరు వారాలు," అంది.

ఇన్‌స్పెక్టరు గబుక్కున ఒక అడుగు ముందుకేశాడు. గడియారమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఇలా వచ్చి కూర్చోండి. నిన్న ఎన్ని గంటలకి వచ్చారు?"

"ఐదూ ఇరవైకి. తమ్ముడే కిందినుంచి తీసుకొచ్చాడు. అంతకుముందు వాడు రెండుసార్లు చూసి బాగుందనే సంతకం పెట్టాడమ్మా, మిషన్ అలాగే చెప్పింది మరి. నాకేమో నొప్పి తగ్గలేదు. డాక్టరమ్మ తనే చూస్తానంది. ముందురోజు గొడవైంది కదా, ఆవిడ మొహం చూడలేనని తన పేరుతో మిషన్ తెరిచిపెట్టి వాడు ఇంటికెళ్లిపోయాడు." అక్క రుమాలు నలుపుతోంది. "ఆవిడ ఆ చుక్కలు చూసి ఎగిరి గంతేసింది. రుజువు దొరికిందంది. ఇవి రేపీపాటికి చెరిగిపోతాయి, ఇప్పుడే కమిటీకి ఫోన్ చేస్తానంది. నేను వాడి గురించి అడిగాను. మూడొందల కాగితాల మీద సంతకాలు వాడివే కదా, వాణ్ణేం చేస్తారు అని. ముందు వాణ్ణే అడుగుతారు, తప్పదు అంది. ఫోన్ లాక్కోబోయాను. చెయ్యి పట్టుకున్నాను. అంతేనమ్మా. విడిపించుకోబోయి వెనక్కి పడింది."

పచ్చ గీత చివరిదాకా వెళ్లి ఆగింది. ఐదూ నలభై ఐదు.

"మీ తమ్ముడికి తెలుసా?"

"నేను చెప్పలేదు. వాడు అడగలేదు. నా మొహం చూశాడు."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి అడిగాడు. "మీరు వెళ్లేటప్పటికి స్పృహ పోయిందా?"

అక్క తల అడ్డంగా ఊపింది. తర్వాతి మాటలు ఎవరితోనో కాదు, తనతోనే చెప్పుకుంటున్నట్టున్నాయి.

"మాట్లాడింది. కింద పడుండి నా కన్ను వైపే చూసింది. నువ్వు వెంటనే కిందికెళ్లి చుక్కల మందు వేయించుకో అంది. గంటకోసారి వెయ్యాలి, ఆలస్యం చేస్తే చూపు పోతుంది అంది. రెండుసార్లు చెప్పింది. నేను వెళ్లి ఒక్కరిని పిలిచుంటే బతికేదేమో. నేను కిందికెళ్లాను, మందుల గది ముందునుంచే వెళ్లాను. ఎవర్నీ పిలవలేదు."

పెద్ద డాక్టరు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"నిన్నట్నుంచి మందు వేసుకున్నారా?" అని అడిగింది గడియారమ్మ.

"ఆవిణ్ణి అలా వదిలేసి వచ్చి ఎలా వేసుకోనమ్మా?" అంది అక్క.

ఇన్‌స్పెక్టరు బేడీల కోసం నడుము తడుముకున్నాడు. అతని చేతి మీద గడియారమ్మ చెయ్యి పడింది. "ముందు కిందికి, కంటి వార్డుకి," అంది. "స్టేషన్ తర్వాత."

ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా ఇన్‌స్పెక్టరు తలుపు తీసి పట్టుకున్నాడు.